కుండల కాస్తే కేసు.. రాగి హండాల కాస్తే టూరిజమా?

(గ్రామసభకు ముందు ఊరోళ్లు పెట్టుకున్న మీటింగ్‌ల మేం మాట్లాడిన మాటలకు రాత రూపం)



మీ ఊరి పొలిమేరల 22 ఎకరాలు అడుగుతున్నరు. అమ్మినా సరే, లీజుకిచ్చినా సరే అంటున్నరు. అక్కడ ఒక చిన్న డిస్టిలరీ పెడ్తరట. అడవిల రాలే ఇప్పపువ్వుతోని, మీ చేన్ల పండే జొన్నతోని మద్యం తీస్తరట. దాని పక్కనే పట్నపోళ్లు కార్లేసుకొని వచ్చి చూసిపోయేటందుకు ఒక విజిటర్ సెంటర్ కడ్తరట. దీన్ని 'క్రాఫ్ట్ డిస్టిలరీ' అంటున్నరు. వారం పది రోజులల్ల గ్రామసభ పెట్టి తీర్మానం చెయ్యమని మీ మీద ఒత్తిడి ఉన్నది. మీరు పిలిచిండ్రు, మేం వచ్చినం. ఒప్పుకోండని గానీ, వద్దనండని గానీ చెప్పనీకె రాలేదు. సంతకం పెట్టేముందు ఏమేం తెలుసుకోవాల్నో, మాకు తెలిసిన మట్టుకు మీ ముందు పెడ్తం.

క్రాఫ్ట్ అంటే చేతిపని. పెద్ద ఫ్యాక్టరీలల్ల తీరుగ లక్షల లీటర్లు కాకుండ, చిన్న హండాల, కొద్దికొద్దిగ, ఆ ఊరి సరుకుతోని, ఆ ఊరి నీళ్లతోని, ఆ ఊరి రుచి వచ్చేటట్టు కాసుడు. ఇంతకూ ఇది కొత్తదా? గూడెంల ముసలవ్వ ఇప్పపువ్వు నానబోసి, పులియబెట్టి, కుండ మీద కుండ బోర్లిచ్చి తీసేదాన్ని ఏమంటరు మరి? అది సుత చేతిపనే. చిన్నగనే చేస్తది. ఆ ఊరి సరుకే. కాకపోతే ఆమెది మట్టికుండ, వీళ్లది రాగి హండా. ఆమె ఇంటికి ఎక్సైజోళ్లు పోతే పానకం పారబోసి, కుండలు పగలగొట్టి, కేసు రాసి వస్తరు. వీళ్ల దగ్గరికి పోతే టిక్కెట్టు కొనుక్కొని, గ్లాసుల పోయించుకొని, ఫోటో దిగి వస్తరు.

ఇది ఇయ్యాల పుట్టిన తేడా కాదు. 1892ల అప్పటి బొంబాయి ప్రభుత్వం థానా, కొలాబా జిల్లాల్ల 'మౌరా చట్టం' అని తెచ్చింది. మౌరా అంటే మన ఇప్పపువ్వే. చెట్టు కింద రాలిన పువ్వు ఏరుకొని ఇంట్ల పెట్టుకునుడు మీదనే ఆంక్ష పడ్డది. సాకు దొంగసారా. అసలు సంగతి ఏందంటే, జనం ఇంట్ల కాసుకుంటే సర్కారుకు పన్ను రాదు, గుత్తేదారు బట్టీల సరుకు అమ్ముడువోదు. మన దిక్కు నిజాం రాజ్యంల సుత ఆబ్కారీ పెద్ద ఆమ్దానీ. గుత్తలు పట్టినోళ్లు మేడలు కట్టిండ్రు, చెట్టెక్కినోళ్లు, పువ్వు ఏరినోళ్లు అట్లనే ఉన్నరు. కల్లు సంగతి మీకు చెప్పేదేమున్నది! 2004ల హైదరాబాద్‌ల కల్లు దుకాణాలు మూసేయించిండ్రు, 2014ల మళ్ల తెరిచిండ్రు. ఆ నడుమ పదేండ్లు గీతపనోళ్లు ఏం తిని బతికిండ్రో ఎవరూ అడగలేదు. వైన్ షాపులు మాత్రం ఆ పదేండ్లు నడుస్తనే ఉన్నయి.

అట్లని మేం తాగుడుకు వకాల్తా పట్టుకొని వచ్చినమని అనుకోవద్దు. ఇక్కడ కూసున్న అక్కల ముఖాలు చూస్తే మాకు తెలుస్తున్నది, 'ఇంకో మందు దుకాణమా' అని లోపల మండుతున్నరు. మండాల్సిందే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు మొదలువెట్టిన పోరాటం 1992ల రాష్ట్రమంతా అంటుకుంటే, 1993 అక్టోబర్ 1 నుంచి సారా బందయింది. 1995ల సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేండ్లు దాటంగనే, 1997ల, ఖజానా ఖాళీ అయిందని ఎత్తేసిండ్రు. ఆ ఖజానా ఇయ్యాలటికీ దాని మీదనే నిలబడ్డది. 2023ల తెలంగాణల 2,620 వైన్ షాపులకు దరఖాస్తులు పిలిస్తే లక్షా 30 వేలకు పైన వచ్చినయి. దరఖాస్తుకు 2 లక్షలు, మళ్ల వాపసు లేదు. షాపు రాకముందే, సీసా మూత తియ్యకముందే 2,600 కోట్లు జమ. ఇంత వ్యాపారం నడిచేకాడ ఒక చిన్న హండాతోని మునిగేదేమున్నదని కొందరంటరు. మునిగేది తాగుడుతోని కాకపోవచ్చు. భూమి సంగతి వేరు. అందుకే ముందు భూమి మాట్లాడుదాం.

ఒక్క ప్రశ్న. చిన్న హండా పెట్టనీకె 22 ఎకరాలు ఎందుకు?

పులియబెట్టే తొట్లు, హండా, పీపాలు పెట్టే గోదాం, నీళ్ల శుద్ధి, అన్నీ కలిపినా రెండు మూడెకరాలల్ల ఇమిడిపోతది. మిగిలిన 19 ఎకరాలు విజిటర్ సెంటర్‌కు, కార్లు పెట్టుకునేటందుకు, హోటల్‌కు, రాత్రి ఉండే గదులకు. అంటే అడుగుతున్నది డిస్టిలరీకి కాదు, రిసార్టుకు. రిసార్టని అడిగితే మీరు ఎకరం ధర వేరే చెప్తరు. ఉపాధి, ఊరి సరుకు, ఆదివాసీ వారసత్వం అని చెప్తే ధర దిగుతది, తీర్మానం తొందరగ అయితది.

విజిటర్ సెంటర్ అనే సంగతి ఎందుకు పుట్టిందో సుత ఎరుకుండాలె. స్కాట్లండ్‌ల చట్టం ప్రకారం విస్కీ మూడేండ్లన్న పీపాల నిల్వ ఉండాలె. అప్పటిదాక కాసినోనికి ఒక్క పైస రాదు. ఆ మూడేండ్లు గడవనీకె చిన్న డిస్టిలరీలు టిక్కెట్టు పెట్టి చూపెట్టుడు, చాయ్ దుకాణం నడుపుడు, వచ్చినోళ్లకు సీసాలు, అంగీలు అమ్ముడు మొదలువెట్టినయి. ఇప్పసారాకు పీపాల ఊరే పనిలేదు, కాసిన్నాడే అమ్మొచ్చు. ఇంకోటి, అక్కడ చూడవచ్చినోనికి డిస్టిలరోడే చేతికి సీసా ఇచ్చి పైసలు తీసుకుంటడు. మన దగ్గర డిస్టిలరీలు తయారుచేసిన మందు బేవరేజెస్ కార్పొరేషన్‌కే పోవాలె, అక్కడినుంచి షాపులకు, బార్లకు. గ్లాసుల పొయ్యాల్నంటే దానికి వేరే లైసెన్సు. ఇవన్నీ తెచ్చుకున్నరా, తెచ్చుకుంటరా, లైసెన్సు రాకపోతే ఆ 22 ఎకరాల ఏం చేస్తరు? ఇది ఇంకా ఎవ్వరూ మీకు చెప్పలేదని విన్నం.

స్కాట్లండ్ మాట వచ్చింది గనుక అక్కడిదే ఒకటి చెప్తం. ఐలా అని సముద్రంల ఒక దీవి. జనాభా మూడు వేల చిల్లర, మన ఒక పెద్ద ఊరంత. అక్కడ 2005ల కిల్‌హోమన్ అనే చిన్న డిస్టిలరీ ఒక వ్యవసాయ క్షేత్రంల మొదలైంది. ఆ దీవిల 124 ఏండ్ల తర్వాత కొత్తగ పెట్టిన డిస్టిలరీ అదే. వాళ్లకు సుత విజిటర్ సెంటర్ ఉన్నది, హోటల్ ఉన్నది. అయితే చుట్టూ ఉన్న చేన్ల బార్లీ ఏస్తరు, ఆ బార్లీని అక్కడనే మొలకెత్తిచ్చి, అక్కడనే కాసి, అక్కడనే సీసాల పోస్తరు. 2015ల ఆ క్షేత్రాన్నే కొన్నరు. కొన్నంక సుత సేద్యం ఆపలేదు. చూడవచ్చినోళ్లు చూసేదే ఆ చేను. చేను పోతే వాళ్ల సీసా మీద రాసుకునేదేమీ ఉండదు. అదే స్కాట్లండ్‌ల ఫైఫ్ అనే దిక్కు డాఫ్ట్‌మిల్ అని ఇంకోటున్నది, అన్నదమ్ములైన రైతులది. నాట్లు, కోతలు లేని రోజులల్లనే హండా వెలిగిస్తరు. మిగిలిన పిప్పి పశువులకు పోతది. 2005ల లైసెన్సు తెచ్చుకొని, 2018 దాక ఒక్క సీసా అమ్మలేదు. అంత ఓపిక భూమి ఉన్నోనికే ఉంటది, అప్పు తెచ్చి పెట్టినోనికి ఉండదు.

గోవా దగ్గరిది. మనోళ్లు పోయి వస్తుంటరు గనుక తెలిసే ఉంటది. అక్కడ జీడిపండుతోని ఫెని కాస్తరు. పండు రాలే మూడు నెలలు, అంటే మార్చి నుంచి మే దాక, జీడితోటల పక్కనే బట్టీ. పండ్లు తొక్కి, రసం పులియబెట్టి, ఒకసారి కాస్తే ఉర్రాక్, మళ్లొకసారి కాస్తే ఫెని. సీజన్ అయిపోంగనే బట్టీ సల్లారుతది, తోట తోటగనే ఉంటది. 2009ల ఫెనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016ల గోవా ప్రభుత్వం దాన్ని వారసత్వ మద్యం అన్నది. ఇయ్యాల టూరిస్టులు ఆ బట్టీల కాడికి పోయి చూస్తున్నరు. అదే గోవాల, కుంకొలిమ్ అనే ఊరి పారిశ్రామిక వాడల పాల్ జాన్ విస్కీ డిస్టిలరీ ఉన్నది. దానికీ విజిటర్ సెంటర్ ఉన్నది. దాని బార్లీ గోవాల పండదు, ఉత్తరాది నుంచి వస్తది. వాళ్లను తప్పు పడుతలేం. ఫ్యాక్టరీ అని చెప్పి ఫ్యాక్టరీల జాగల పెట్టుకున్నరు. మీకు చెప్పేది ఫెని కత, కట్టేది రెండో తీరుది, అదీ పంటచేన్ల. మా అనుమానమంతా అక్కడనే.

మీ ఊరినే ఎందుకు అడుగుతున్నరో సుత ఆలోచించుండ్రి. మీ పొలిమేర దాటంగనే ఏజెన్సీ. అక్కడ 1/70 ఉన్నది. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌కు 1970ల చేసిన సవరణ అది. గిరిజనేతరులు అక్కడ భూమి కొననీకె లేదు, లీజుకు తీసుకోనీకె లేదు. సర్కారు భూమిని సుత ప్రైవేటు కంపెనీకి లీజుకియ్యొద్దని 1997ల సమత కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని పువ్వు వాళ్ల దగ్గర, భూమి మీ దగ్గర. రెండు ఊర్ల నడుమ గీత మీద కూసుంటే రెండు ఊర్లకూ జవాబు చెప్పే పని లేదు.

భూమి పేరు మారుడు సంగతి. 2006ల వచ్చిన చట్టం కింద ఫీజు కడితే వ్యవసాయ భూమి వ్యవసాయేతర భూమి అయితది. నాలా అని మనోళ్లు అనేది అదే. ఫీజు ఎవరు కడ్తరన్నది చిన్న సంగతి. మారినంక ఏమైతదన్నది పెద్దది. 2025 జనవరి 26న మొదలైన రైతుభరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు. నాలా అయిన భూమికి అది రాదు. 22 ఎకరాలకు ఏడాదికి 2 లక్షల 64 వేలు ఊరికి రాకుండ పోతయి. పాస్‌బుక్కుల భూమి మొత్తం పోయినోనికి రైతుబీమా 5 లక్షలు సుత లేనట్టే. ఇక ఆ భూమిని కౌలుకు దున్నుతున్నోళ్ల పేరు ఏ కాగితంల లేదు, వాళ్లకు పరిహారం మాట ఎవరూ ఎత్తుతలేరు. వాళ్లు ఈ మీటింగ్‌ల వెనక వరుసల నిలబడ్డరు, జర ముందుకు రండన్నా!

హండా నడవకపోయినా, కంపెనీ దివాలా తీసినా, భూమి మళ్ల చేను అయితదా? కాగితం మీద గానీ, మట్టిల గానీ కాదు. కంకర పోసి, గచ్చు చేసినంక ఏ నాగలి దిగుతది?

ఇగ నీళ్లు. లీటరు స్పిరిట్ కాస్తే పది లీటర్ల దాక మురికినీళ్లు మిగులుతయి. వేడిగ, పుల్లగ, నల్లగ ఉంటయి. చల్లబరచనీకె పోయే నీళ్లు వేరే. కాలుష్య నియంత్రణ బోర్డు లెక్కల్ల డిస్టిలరీ ఎర్ర కేటగిరీ పరిశ్రమ. చిన్న హండాకు, పెద్ద ఇథనాల్ ఫ్యాక్టరీకి పోలిక పెట్టుడు న్యాయం కాదు, ఒకటి వేల లీటర్లు, ఇంకోటి రోజుకు లక్షలు. కానీ ఇథనాల్ ఫ్యాక్టరీల కాడ జరిగింది మనం మరిస్తే కష్టం. నారాయణపేట జిల్లా చిత్తనూరు ఎకలాస్‌పూర్ నడుమ పెట్టిన ఫ్యాక్టరీ మీద 2023ల జనం రోడ్డెక్కిండ్రు, లాఠీలు తిన్నరు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌ల 2024 నవంబర్‌ల ఊర్లకు ఊర్లు హైవే మీద కూసున్నంకనే సర్కారు పనులు ఆపించింది. గద్వాల దిక్కు పెద్దధన్వాడల 2025 జూన్‌ల అదే కత. పెట్రోల్‌ల కలిపే ఇథనాల్‌కైతే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండ 2021 జూన్‌ల కేంద్రమే వెసులుబాటు ఇచ్చింది. జనాన్ని అడగకుండ ఫ్యాక్టరీ కట్టిండ్రు, ఆ తర్వాత జనమే రోడ్డు మీదికి రావాల్సి వచ్చింది. మిమ్మల్ని ముందుగాల అడుగుతున్నరు. ఆ ఒక్కటి నయం. అడిగినప్పుడే అన్నీ అడుగుండ్రి. ఎన్ని బోర్లు, ఎంత లోతు, ఎండకాలంల మీ బోర్లు ఎండితే ఎవరిది బాధ్యత? వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నది, దాని కింద బోరు వేసేముందు పర్మిషన్ కావాలె. ఆ కాగితం చూపెట్టమనుండ్రి.

ఇప్పపువ్వు లెక్క వేరే చెప్పాలె. మార్చి, ఏప్రిల్‌ల రాత్రిపూట రాలుతది. తెల్లారకముందే ఆడోళ్లు, పిల్లలు చెట్ల కింద ఊడ్చి, ఏరి, గంపలకెత్తి, ఎండబోస్తరు. దినమంత ఏరితే ఎండినంక ఎంతైతదో ఏరినోళ్లకే ఎరుక. కేంద్రం 2020ల ఎండుపువ్వు కనీస మద్దతు ధర కిలోకు 17 నుంచి 30 రూపాయలకు పెంచింది. ఒక సీసా మందుకు సుమారుగ కిలో ఎండుపువ్వు పడ్తది. క్రాఫ్ట్ అని రాసిన సీసాలు చాలామట్టుకు వెయ్యి రూపాయల పైమాటే. పన్నులు తియ్యుండ్రి, సీసా ఖర్చు తియ్యుండ్రి, లాభం తియ్యుండ్రి, ఏరిన అవ్వకు ముప్పై. 'ఆదివాసీ వారసత్వం' అని సీసా మీద రాసుకున్నందుకు ఆమెకు ఇంకో రూపాయి ఇస్తరా?

వేరే తొవ్వ లేదా అంటే ఉన్నది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021ల ఇప్పసారాను వారసత్వ మద్యంగ ప్రకటించి, తయారుచేసే హక్కు ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకు ఇచ్చింది. అలీరాజ్‌పూర్, దిండోరి జిల్లాల్ల మొదలైంది. అమ్మకాలు గొప్పగ ఉన్నయని మేం చెప్పం. కానీ లైసెన్సు మీద పేరు పువ్వు ఏరినోళ్ల సంఘానిది. మన ఉట్నూరు దిక్కు ఆదివాసీ ఆడోళ్ల సంఘం ఇప్పపువ్వుతోని లడ్డూలు చేసి అమ్ముతున్నది, మందే కావాల్నని ఏం లేదు. అటు చిత్తూరు జిల్లాల ఒక చిన్న డిస్టిలరీ రైలుపట్టాల పక్కన మొలిచే కిత్తనారతోని మద్యం తీస్తున్నది. మెక్సికోల టెకీలా తీసే చెట్టుకు ఇది చుట్టం. నీళ్లు అడగని మొక్క, రాళ్లభూమిల సుత బతుకుతది. 2011ల గోవా మార్కెట్ల పెట్టి మొదలు అమ్మిండ్రు. మంచి పంటభూమి ముట్టకుండ ఈ పని చెయ్యొచ్చని చెప్పనీకె ఇది పనికొస్తది. మీ ఊర్ల సుత గుట్ట పక్కన పడావు పడ్డ జాగ ఉన్నది గదా, దాన్ని ఎందుకడుగుతలేరు? రోడ్డు లేదనా, చూసేటందుకు పచ్చగ ఉండదనా?

కాబట్టి గ్రామసభల పెట్టాల్సిన మాటలు మాకు తోచినయి కొన్ని చెప్తం. అమ్ముడు వద్దు. ఇస్తే లీజుకే, అదీ కట్టడం నిలబడే రెండు మూడెకరాలే. నాలా సుత అంతవరకే, మిగిలిన భూమిల జొన్న ఏసేది మీరే, కొనేది వాళ్లు, ధర ముందుగాల రాసుకోవాలె. రాత్రి ఉండే గదులు, ప్లాట్లు, విల్లాలు అనే మాట లీజుల ఎక్కడ కనబడ్డా లీజు రద్దయితదని రాయించుండ్రి. మురికినీళ్లు పొలిమేర దాటితే హండా ఆగాలె. పువ్వు దళారీల నుంచి కాకుండ పక్క గూడేల సంఘాల నుంచే కొనాలె. ఆ గూడేల గ్రామసభలను సుత అడగాలె. ఇది మన దయ కాదు, 1996 పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు, మత్తు సరుకును ఆపే, అదుపుచేసే అధికారం రెండూ వాళ్ల గ్రామసభకే ఇచ్చింది. ఆడోళ్లు మొత్తానికే వద్దంటే, ఆ మాటను లెక్కల కలపకుండ తీర్మానం రాసే హక్కు ఎవ్వరికీ లేదు. ఊర్ల బెల్టుషాపు ఉండంగ ఈ కొత్తది ఎందుకని వాళ్లు అడిగితే, ముందు ఆ బెల్టుషాపు సంగతి తేల్చాల్సిందే.

ఇంకో మాట. కొలువులిస్తమంటున్నరు. ఎన్ని, ఏ పని, ఎన్నేండ్లు? హండా కాడ పని నేర్పిస్తరా, గేటు కాడ సలాం కొట్టే పనేనా? డిగ్రీ చదివి ఖాళీగ తిరుగుతున్న తమ్ముళ్లు ఈ ఊర్లనే పదిహేను ఇరవై మంది ఉన్నరు. కాసే విద్య ముసలవ్వలకు ఎరుక, లెక్కలు మీకు ఎరుక. ఆ ఇద్దరినీ కలిపి ఒక సొసైటీ పేరు మీద లైసెన్సు అడిగితే ఎందుకు ఇయ్యరని ఎక్సైజ్ ఆఫీసుకు ఒక దరఖాస్తు పెట్టుండ్రి. ఇయ్యమంటే ఎందుకియ్యరో కాగితం మీద రాసిమ్మని అడుగుండ్రి. కంపెనీకి ఇచ్చిండ్రనుకో, ఏ జీవో కింద ఇచ్చిండ్రో సమాచార హక్కు కింద తీసుకుందాం. ఆ పని మేం చేస్తం.

లీజు కాగితం ఇంగ్లీషుల ఉన్నదని సర్పంచ్ సాబ్ చెప్పిండు. తెలుగుల రాసిచ్చి, గ్రామసభల ఒకరు నిలబడి మొత్తం చదివి వినిపించేదాక ఎవ్వరూ వేలిముద్ర వెయ్యకుండ్రి. ఇప్పుడు కౌలు చేస్తున్న అన్నలు మాట్లాడుతరు, మైకు వాళ్లకియ్యుండ్రి.